మొహం మీద గోడ రంగు

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి నెలన్నర మా ఇంట్లో ఉంది. పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతూ ఫోనులో వీడియోలు తీసి, ఊళ్ళో తన ట్యూషన్ పిల్లలకి పంపుతుంటుంది. వచ్చిన మర్నాడే ఒక పాఠాన్ని మూడు చోట్ల కూర్చుని మూడు ముక్కలుగా తీసింది. మొదటి ముక్క లోపలి వరండాలో, రెండోది ముందు గదిలో ట్యూబులైటు కింద, మూడోది కిటికీకి వీపు పెట్టి. రాత్రి భోజనాలయ్యాక మూడూ వరసగా చూస్తే ముగ్గురు వేరువేరు అమ్మాయిలు కనిపించారు. ఒకరికి కామెర్లు వచ్చినట్టుంది. ఇంకొకరు జ్వరంపడి లేచినట్టు పాలిపోయి, దవడల కింద ఆకుపచ్చ నీడతో ఉన్నారు. మూడో అమ్మాయికి కళ్ళూ ముక్కూ ఎక్కడున్నాయో తెలియడం లేదు, మొహమంతా ఒకటే నలుపు.

వాటిని యానాంలో మా అక్కకి పంపితే ఆవిడ వెంటనే ఫోను చేసింది. "అందరూ ఏదో ఫిల్టరు పెట్టుకుంటారుగా, అది పెట్టవే. కాస్త తెల్లగా వస్తావు" అంది.

"తెల్లగా రానక్కర్లేదమ్మా. నేను నాలాగా వస్తే చాలు" అంది పిల్ల.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తన రంగు తనకి రావాలని అడగడంలో గొంతెమ్మ కోరిక ఏముంది? అయినా ఇంట్లో, మామూలు ఫోనుతో, అది ఇంత కష్టమెందుకు అవుతోంది? ఆ నెలన్నరా మేమిద్దరం దాని వెంటే పడ్డాం.

తెలుగులో ఛాయ అంటే నీడ, ఒంటి రంగు కూడా ఛాయే. ఫొటో తీయడాన్ని ఛాయాగ్రహణం అన్నాం. శ్యామ అన్న మాట నలిగి చామన అయితే, దానికి ఛాయ చేర్చి చామనఛాయ అన్నాం. రంగు తేలినవాళ్ళని దబ్బపండు ఛాయ అంటాం, ఎర్రగా బుర్రగా ఉన్నారనీ అంటాం. ఈ మాటలు కట్టినవాళ్ళు చర్మాన్ని శ్రద్ధగా చూసినవాళ్ళే అయివుండాలి. ఎందుకంటే చర్మం ఏ మనిషిదైనా దాని రంగు ఎరుపుకీ పసుపుకీ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. తెల్లకాగితంలాంటి చర్మం లేదు, బొగ్గులాంటి చర్మమూ లేదు.

కారణం చర్మం లోపల ఉంది. వెలుగు మొహం మీద పడినప్పుడు నూటికి నాలుగైదు పాళ్ళు పైపొర మీదే అద్దం మీద పడ్డట్టు తిరిగిపోతాయి. మిగతాది లోపలికి దిగుతుంది. అక్కడ దానికి మొదట ఎదురయ్యేది మెలనిన్. ఇది నీలాన్ని బాగా మింగుతుంది, ఆకుపచ్చని కొంత తక్కువగా, ఎరుపుని ఇంకా తక్కువగా మింగుతుంది. మరికాస్త లోతుకి పోతే సన్నని రక్తనాళాలు, వాటిలో హీమోగ్లోబిన్. దాని ఆకలి మనకి బాగా తెలిసేది 540 నుంచి 580 నానోమీటర్ల మధ్య, అంటే ఆకుపచ్చ, పసుపు కలిసే చోట. ఎర్రకాంతిని అది పెద్దగా ముట్టుకోదు. ఈ రెండింటినీ దాటుకుని, కణాల మధ్య అటూ ఇటూ చెదిరి, మళ్ళీ పైకి వచ్చి మన కంటిని చేరేదే ఒంటి రంగు. చామనఛాయ మనిషికి మెలనిన్ ఎక్కువ కాబట్టి బయటికొచ్చే వెలుగు మొత్తం మీద తగ్గుతుంది. ఎరుపూ పసుపూ మాత్రం అలాగే నిలుస్తాయి.

వీడియోలు సరిదిద్దేవాళ్ళ దగ్గర వెక్టర్‌స్కోప్ అని ఒక పరికరం ఉంటుంది. బొమ్మలోని రంగులన్నిటినీ గుండ్రటి చక్రం మీద చుక్కలుగా చూపిస్తుంది. అందులో ఎరుపుకీ పసుపుకీ నడుమ, సుమారు 123 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంటుంది. సరైన వెలుగులో తీస్తే నార్వే మనిషి మొహమైనా, నైజీరియా మనిషి మొహమైనా, యానాం అమ్మాయి మొహమైనా చుక్కలు ఆ గీత ఒడ్డునే గుంపు కడతాయి. మనుషుల మధ్య తేడా ప్రధానంగా వెలుగు ఎంత అన్నదాంట్లో ఉంటుంది, రంగు ఏది అన్నదాంట్లో చాలా కొద్దిగానే. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ గీత నుంచి చుక్కలు పిసరంత పక్కకి జరిగినా మన కంటికి తెలిసిపోతుంది. గోడ రంగు కాస్త మారితే పట్టించుకోం. మనిషి మొహంలోకి కొద్దిగా ఆకుపచ్చ వస్తే మాత్రం "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతాం. కోతులూ మనుషులూ ఎరుపునీ ఆకుపచ్చనీ విడదీసి చూడగలగడం అసలు తోటివాళ్ళ చర్మంలో రక్తపు కదలికని చదవడానికే ఏర్పడి ఉండొచ్చని మార్క్ చాంగిజీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2006లో ఒక ఊహ ప్రతిపాదించారు. రుజువైన సంగతి కాదది, ఊహే. కానీ సిగ్గు, కోపం, భయం, జబ్బు, అన్నీ మొహంలో రంగుగానే ముందు కనిపిస్తాయన్నది ప్రతి తల్లికీ తెలుసు. అంతెందుకు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మన మొహం రంగు రవ్వంత మారుతుంది. కంటికి ఆనదు గానీ, మామూలు కెమెరాతో మామూలు వెలుగులోనే ఆ మార్పుని పట్టుకుని నాడి లెక్కపెట్టవచ్చని 2008లో ప్రయోగం చేసి చూపించారు. ఆ మార్పు అన్నిటికన్నా స్పష్టంగా దొరికింది ఆకుపచ్చలోనే. హీమోగ్లోబిన్ దాన్ని బాగా మింగుతుంది కదా.

ఇక మా వరండా సంగతి. పుదుచ్చేరి చూసినవాళ్ళకి ఆ గోడలు చెప్పక్కర్లేదు. రూ దుమా, రూ రొమాన్ రోలాన్ వీధుల్లో ఆవపిండి రంగు గోడలు, తెల్ల అంచులు, వాటి మీద నుంచి వాలే కాగితంపూలు. సముద్రం ఒడ్డున పొద్దున్నే ఆ వీధుల్లో నడుస్తుంటే ఊరికే మనసు తేలికవుతుంది. మా ఇల్లు ఆ ఫ్రెంచి వీధుల్లోది కాదు, కాలువకి ఇవతల ఉన్న పాత ఇల్లు. అయినా ఇంటివాళ్ళు లోపలి గోడకి ఆ ఊరి రంగే వేయించారు. నట్టింట్లో ఆకాశం కనిపించే చిన్న మండువా, చుట్టూ వరండా, ఎదురుగా పన్నెండడుగుల ఆవపసుపు గోడ.

పొద్దున పదింటికి ఆ గోడ మీద ఎండ పడుతుంది. పసుపు గోడ అంటే నీలాన్ని మింగి మిగతాది తిరిగి విసిరే గోడ అని. ఎండ పడ్డాక అది ఇక గోడ కాదు, పన్నెండడుగుల పసుపు దీపం. దానికి ఎదురుగా కూర్చున్న పిల్ల మొహం మీద పడే వెలుగులో సగానికి సగం ఆ గోడ నుంచి వచ్చిందే. చర్మం ఎలాగూ నీలాన్ని మింగుతుంది, వచ్చిన వెలుగులోనే నీలం కరువైతే మిగిలేది కామెర్ల రంగు. పక్కనే కూర్చున్న నాకు అది తెలియలేదు. మన కన్నూ మెదడూ కలిసి చుట్టూ ఉన్న వెలుగు రంగుని లెక్కలోంచి తీసేస్తాయి. పసుపు దీపం కింద కూడా తెల్ల పంచె మనకి తెల్లగానే కనిపిస్తుంది. కంటిలోని మూడు రకాల గ్రాహకాలు వేటికవి తమ సున్నితత్వాన్ని సవరించుకుంటాయని 1902లో ఫోన్ క్రీస్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇది. కెమెరాల్లో వైట్ బ్యాలెన్స్ అనేది దాని అనుకరణే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ వేటికవి కొంత పెంచో తగ్గించో తెల్లది తెల్లగా వచ్చేలా చూడటం.

అయితే ఎంత పెంచాలో ఫోనుకి ఎవరు చెబుతారు? అది ఊహించుకుంటుంది. పాతకాలపు లెక్క ఒకటుంది: ఏ దృశ్యంలోనైనా రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు రావాలి, రాలేదంటే తప్పు వెలుగుదే. ఇప్పటి ఫోన్లు ఇంతకన్నా తెలివైన లెక్కలే వేస్తాయి, కానీ ఆ పునాది వాసన పూర్తిగా పోలేదు. మర్నాడు పిల్లని తిప్పి, గోడ తన వెనక వచ్చేలా కూర్చోబెట్టాను. బొమ్మనిండా పసుపే. ఫోను "వెలుగులో పసుపు ఎక్కువైంది" అనుకుని నీలం కలిపింది. గోడ అందం సగం పోయింది, మొహం సీసం పూసినట్టయింది. ముందున్నప్పుడు కామెర్లు తెచ్చిన గోడే, వెనక్కి వెళ్ళాక రక్తం పీల్చేసింది.

ఇందులో నన్ను బాధపెట్టిన సంగతి ఒకటుంది. ఫోనుని దగ్గరగా పెట్టి మొహమే బొమ్మంతా నిండేలా తీస్తే, ఆ మొహంలోని పసుపు, ఎరుపులని కూడా ఈ లెక్క వెలుగు దోషం కింద జమకట్టి కడిగేయబోతుంది. పిల్ల సొంత రంగు దానికి దిద్దాల్సిన తప్పులా కనిపిస్తుంది.

దీనికి చేయాల్సింది సులువే. ఊహించుకునే పని ఫోనుకి వదిలిపెట్టకూడదు. మొహం ఉండే చోట ఒక తెల్లటి వస్తువు పట్టుకుని, దాన్ని చూపించి, రంగునీ వెలుగునీ తాళం వేసేయాలి. కొన్ని ఫోన్లలో ఈ సదుపాయం ఉంది, లేకపోతే వీడియో తీసే మంచి యాప్ ఏదైనా ఇస్తుంది. తెల్ల వస్తువు అనగానే మేం మొదట ప్రింటరు కాగితం తీసుకున్నాం, తరవాత చలువ చేసిన నా పంచె. రెండూ మోసం చేశాయి. కాగితంలోనూ, టినోపాల్ పెట్టిన బట్టలోనూ కంటికి కనిపించని అతినీల కాంతిని మింగి నీలంగా వెలిగే మందు ఉంటుంది. మల్లెపువ్వులా కనిపించేది దానివల్లే. ఎండ వెలుగులో దాన్ని చూపించి తెలుపు ఇదీ అని చెబితే, ఫోను నీలం తగ్గించి మొహానికి పసుపు పూస్తుంది. చివరికి పనికొచ్చింది మా ఆవిడ అటక మీద దాచిన ఉతకని గాడా గుడ్డ, దానికన్నా బాగా పనికొచ్చింది ఫొటో షాపులో దొరికే బూడిదరంగు అట్ట.

కానీ తాళం వేయడంతో తీరని చిక్కు ఒకటుంది. మొహానికి ఒక పక్క పసుపు గోడ, ఇంకో పక్క నీలాకాశం ఉన్నాయనుకోండి. కుడి బుగ్గ పసుపు, ఎడమ బుగ్గ నీలం. వైట్ బ్యాలెన్స్ అనేది బొమ్మ మొత్తానికి వేసే ఒక్క గుణకారం. ఒక బుగ్గకి సరిపోయిన లెక్క రెండో బుగ్గని మరింత చెడగొడుతుంది. పగటిపూట కిటికీ పక్కన కూర్చుని, "ఇంకాస్త వెలుగుంటే బాగుండును" అని లోపల బల్బు కూడా వేసుకునేవాళ్ళందరికీ జరిగేది ఇదే. తీసేటప్పుడు వెలుగు ఒక్క జాతిదే ఉండాలి. తరవాత దిద్దుకుందాంలే అనుకోవడానికీ పెద్దగా చోటు లేదు. ఫోను వీడియోలో వెలుగు వివరాన్ని ప్రతి చుక్కకీ దాస్తారు గానీ, రంగు వివరాన్ని మామూలుగా నాలుగు చుక్కలకి ఒకటి చొప్పునే దాస్తారు. పైగా మసకగా ఉన్న భాగాల్లో వివరాలు ముందుగా పారేస్తారు. చామనఛాయ మొహాన్ని చీకట్లో తీసి తరవాత పైకి లాగితే మచ్చలు మచ్చలుగా రావడానికి కారణం అదే.

ట్యూబులైటు కథ వేరు. చీరల కొట్లో ఏ అమ్మాయీ లోపలి దీపాల మాట నమ్మదు. చీర నచ్చాక దాన్ని గుమ్మం దాకా తీసుకొచ్చి పగటి వెలుతురులో ఒకసారి చూసుకుంటుంది. మన అమ్మమ్మలు కూడా చేసిన పనే ఇది, ఇందులో మంచి భౌతికశాస్త్రం ఉంది. రెండు దీపాలు కంటికి ఒకేలా తెల్లగా కనిపించవచ్చు, వాటి కడుపులో ఉన్న రంగులు మాత్రం వేరే కావచ్చు. ఎండలో ఊదా నుంచి ఎరుపు దాకా అన్నీ వరసగా ఉంటాయి. ట్యూబులైటులో అలా కాదు. గొట్టంలోని పాదరసపు ఆవిరి అతినీల కాంతిని విడిచిపెడుతుంది, లోపల పూసిన పొడి దాన్ని కనిపించే వెలుగుగా మారుస్తుంది. అది కాక పాదరసం తన సొంత గీతలు కొన్ని నేరుగా బయటికి పంపుతుంది. వాటిలో బలమైనదొకటి 546 నానోమీటర్ల దగ్గర, నిక్కమైన ఆకుపచ్చ. చర్మం ఎక్కువగా తిప్పి పంపగల ముదురు ఎరుపు పాతరకం ట్యూబుల్లో బాగా తక్కువ. మొహం చెప్పుకోవలసిన మాట చెప్పుకునే అవకాశం ఆ వెలుగులో లేదు.

ఎల్‌ఈడీలు వచ్చాక బాగుపడిందా అంటే సగమే. ఈ విషయంలో పుదుచ్చేరికి ఒక ప్రత్యేక స్థానముంది. ఇళ్ళకి చవకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే కేంద్ర పథకానికి తొలి అడుగు 2014 మొదట్లో ఇక్కడే పడింది. పాత తీగ బల్బు ఇస్తే పది రూపాయలకి ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాలకి వచ్చింది, 2015 జనవరి నుంచి దేశమంతా పాకి ఉజాలా అయింది. కరెంటు బిల్లు తగ్గింది, అది నిజమైన మేలు. కానీ ఆ తీగ బల్బులో ఒక గుణముండేది. అది వెలుగు కన్నా వేడి ఎక్కువ ఇచ్చినా, ఇచ్చిన కాస్త వెలుగులో ఎరుపు పుష్కలంగా, తెగని ప్రవాహంగా ఉండేది. తెల్ల ఎల్‌ఈడీలో అసలు పుట్టేది 450 నానోమీటర్ల దగ్గరి నీలం. ఆ నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకి 2014లోనే నోబెల్ వచ్చింది. ఆ నీలం మీద పసుపుగా వెలిగే పూత పూసి తెలుపు చేస్తారు. పూత చవకదైతే ముదురు ఎరుపు దగ్గరికి వచ్చేసరికి వెలుగు జారిపోతుంది.

బల్బు పెట్టె మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది. 80 అంటే బాగానే ఉందనుకుంటాం. అది ఎనిమిది వెలిసిన రంగుల మీద తీసిన సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, ఆర్9 అని విడిగా ఉంది. సీఆర్ఐ 80 ఉన్న బల్బుకి ఆర్9 సున్నా దగ్గరో, అంతకన్నా కిందో ఉండవచ్చు. ఆ జాబితాలోనే పదమూడోది మనిషి చర్మపు రంగు, అది పాశ్చాత్యుల లేత గులాబి. జపానువాళ్ళు తమవాళ్ళ చర్మపు రంగుని పదిహేనోదిగా చేర్చుకున్నారు. చామనఛాయ నమూనా ఆ జాబితాలో లేదు. కాబట్టి వీడియోల కోసం దీపం కొనేవాళ్ళు సీఆర్ఐ 90 పైన, ఆర్9 కనీసం 50 పైన అని పెట్టె మీద రాసి ఉన్నదే అడగండి. మా ఇంట్లో పిల్ల సాయంత్రం పాఠాలకి అలాంటిది ఒకటే కొన్నాం, మిగతా దీపాలన్నీ ఆర్పేశాం. ఆ ఒక్క మార్పుతో ఆకుపచ్చ నీడ పోయింది. ఒక చిన్న మాట: మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి. వీడియోలో చారలు పాకుతుంటే షట్టరుని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చండి, పోతాయి.

మూడో వీడియో, ఆ నల్లటి మొహం గురించి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. రంగుల ఫిల్మ్ రోజుల్లో కొడాక్ కంపెనీ ప్రింట్లు వేసే ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. అందులో ఒక అమ్మాయి బొమ్మ. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. మొదటి అమ్మాయి అక్కడి ఉద్యోగి షర్లీ పేజ్, అందుకని తరవాత ఎవరి బొమ్మ వేసినా అవి షర్లీ కార్డులే. దశాబ్దాల పాటు ఆ అమ్మాయిలందరూ తెల్లవాళ్ళే. మాంట్రియల్ కాంకోర్డియా విశ్వవిద్యాలయంలో లోర్నా రోత్ ఈ చరిత్ర తవ్వితీసి 2009లో ప్రచురించారు. నల్లవాళ్ళ మొహాలు సరిగ్గా రావడం లేదని ఎందరు బాధపడినా కదలని కంపెనీ, చాక్లెట్ల తేడా తెలియడం లేదని మిఠాయివాళ్ళూ, కర్ర ఛాయలు తెలియడం లేదని కుర్చీలు బల్లలు చేసేవాళ్ళూ మొరపెట్టుకున్నాక ముదురు గోధుమ రంగుల మీద దృష్టి పెట్టిందని అక్కడివాళ్ళే ఆవిడతో చెప్పారు. మన ఊళ్ళ స్టూడియోల్లో వాడిన రంగుల ఫిల్మూ ఎక్కువగా ఇలాంటి బయటి కంపెనీలదే. పాత పెళ్ళి ఆల్బముల్లో మన పెద్దమ్మలూ మేనత్తలూ ఇటుకరంగు మొహాలతోనో, కళ్ళు తప్ప ఏమీ కనిపించని చీకటి మొహాలతోనో మిగిలిపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ కార్డు గుర్తొస్తుంది. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. గూగుల్ 2021లో ముదురు ఛాయలని సరిగ్గా చూపాలని తన ఫోను కెమెరాని దిద్దుకుంది, 2022లో హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎలిస్ మంక్ రూపొందించిన పది ఛాయల కొలతని వాడకంలోకి తెచ్చింది. కానీ అందం పేరుతో మొహాన్ని తెల్లగా రుద్దేసే ఫిల్టరు కూడా అదే ఫోన్ల లోకంలో తిరుగుతోంది. వీడియో మొదలుపెట్టే ముందు అది ఆరిపోయి ఉందో లేదో చూసుకోవడం, నా దృష్టిలో, తెర తుడుచుకోవడంలాంటి తప్పనిసరి పని.

కిటికీకి వీపు పెట్టినప్పుడు జరిగేది ఇదీ: కెమెరా దృశ్యం మొత్తాన్ని ఒక మధ్యరకం బూడిదరంగు మెరుపుకి తేవాలని చూస్తుంది. వెనక కిటికీ ధగధగ మెరుస్తుంటే మొత్తం తగ్గించేస్తుంది, మొహం మునిగిపోతుంది. తెల్ల చొక్కా, తెల్ల గోడ కూడా కొంతవరకు ఇదే పని చేస్తాయి. వేలితో మొహం మీద నొక్కి మెరుపు పెంచుకోవచ్చు. కానీ పెంచేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. హరివిల్లులో గోధుమరంగు లేదు, చామన లేదు. అవి తక్కువ మెరుపుతో ఉన్న నారింజరంగులే. చుట్టుపక్కల తమకన్నా మెరిసేది ఏదైనా ఉంటేనే కన్ను వాటిని చామనగా చదువుతుంది. వెనక నల్ల తెర కట్టి, మొహానికి మెరుపు ఎక్కించి తీసిన వీడియోల్లో మన పిల్లలు నారింజపండ్లలా కనిపించడానికి ఇదొక కారణం. మొహం కన్నా కాస్త మెరుపున్న నేపథ్యం, లేత బూడిదో సున్నం గోడో వెనక ఉంటే ఛాయ తన చోట కుదురుకుంటుంది.

ఇందాక నూటికి నాలుగైదు పాళ్ళు పైపొర మీద నుంచే తిరిగిపోతాయన్నాను కదా. ఆ వెలుగులో చర్మపు రంగు ఉండదు, దీపం రంగే ఉంటుంది. మెలనిన్ తక్కువున్న మొహంలో లోపలి నుంచి వచ్చే వెలుగు చాలా ఎక్కువ కాబట్టి ఈ పైమెరుపు అందులో కలిసిపోతుంది. చామనఛాయ మొహంలో అది విడిగా తేలుతుంది. పుదుచ్చేరి ఉక్కపోత తెలిసినవాళ్ళకి నుదుటి మీద ఆ తెల్లటి మచ్చ తెలుసు. చాలామంది దాన్ని పౌడరుతో కప్పేస్తారు, అప్పుడు తెల్లపొడి మీద వెలుగు చెదిరి మొహమే బూడిద పూసినట్టవుతుంది. మచ్చ చర్మం దోషం కాదు, దీపం చిన్నదైపోవడం వల్ల వచ్చింది. చిన్న దీపం నుదుటి మీద చిన్న, తీవ్రమైన ప్రతిబింబం వేస్తుంది. దీపం ఎంత వెడల్పైతే ఆ ప్రతిబింబం అంత పరుచుకుని, బుగ్గ ఎముక మీద మృదువైన నిగారింపుగా మారుతుంది. చామనఛాయకి ఆ నిగారింపే అందం. చెమట తుడుచుకోండి, నిగారింపుని ఉండనివ్వండి.

వెడల్పైన వెలుగు ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? కిటికీలో. ఏ కిటికీ? చిత్రకారులు తరతరాలుగా ఉత్తరపు కిటికీ అన్నారు, ఎండ నేరుగా పడదని. ఆ మాట నమ్మి మా ఉత్తరపు గదిలో పిల్లని కూర్చోబెడితే ఎనిమిదింటికల్లా బల్ల మీదకి ఎండ ఏటవాలుగా వచ్చి పడింది. అది మే నెల. ఉత్తరపు కిటికీ మాట యూరపులో పుట్టింది, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే. పుదుచ్చేరి 12 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి రవ్వంత కింద ఉంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు 20 ప్రాంతం దాకా ఉత్తరం వైపే నడుస్తాడు. ఆ నాలుగు నెలలూ ఇక్కడ దక్షిణపు కిటికీయే చిత్రకారుల కిటికీ. మిగతా ఎనిమిది నెలలూ ఉత్తరం. యానాం 17వ డిగ్రీకి కాస్త దిగువన ఉంది కాబట్టి అక్కడ ఈ గడువు తగ్గి, మే మొదటి వారం చివర నుంచి ఆగస్టు మొదటి వారం దాకా వస్తుంది.

ఈ ఎండల లెక్కని కాంక్రీటులో రాసిన ఇల్లు ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది, దాని పేరులో తెలుగు నేల ఉంది. శ్రీ అరవిందాశ్రమం వారి గోల్‌కొండ్ వసతి గృహం. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన విరాళంతో మొదలైంది కాబట్టి గోల్కొండ పేరు పెట్టారు, ఫ్రెంచి నాలుక మీద అది గోల్‌కొండ్ అయింది. ఆంటొనిన్ రేమండ్ నమూనా గీశారు, జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ దగ్గరుండి కట్టించారు. 1930ల చివర్లో పని మొదలై 1940లలో ముగిసింది. దాని ఉత్తర, దక్షిణ ముఖాలకి గోడల్లేవు, ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పుకోగలిగే అడ్డపలకలు. గాలి రావాలి, ఎండ రాకూడదు. లోపలికి చేరేసరికి వెలుగు పలక నుంచి పలకకి తగిలి, పదును పోగొట్టుకుని, నీడల అంచులు కరిగిపోయి ఉంటుంది. ఫ్రెంచి ఇళ్ళ ఎత్తైన కిటికీలకి ఉండే చెక్క రెక్కల తలుపులూ చిన్న ఎత్తున ఇదే పని చేస్తాయి. అలాంటి కిటికీ ఉన్న గది అద్దెకి దొరికినవాళ్ళు వెయ్యి రూపాయల గుండ్రటి దీపం కొనే ముందు ఆ రెక్కల్ని పైకీ కిందకీ తిప్పి చూడాలని నా మనవి.

కిటికీ కూడా లేకపోతే? 1956లో సత్యజిత్ రాయ్ 'అపరాజితో' తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రాకి ఇదే ప్రశ్న ఎదురైంది. కాశీలోని మండువా ఇంటిని కలకత్తా స్టూడియోలో కట్టారు. కాశీ ఇంట్లో వెలుగు పైన ఉన్న ఆకాశపు ముక్క నుంచి దిగుతుంది, నీడలు వేయదు. స్టూడియో దీపాలు అలా చేయలేవు. మిత్రా సెట్టు మీద తెల్లగుడ్డ పందిరిలా బిగించి, దీపాలని మనుషుల మీదకి కాకుండా ఆ గుడ్డ మీదకి తిప్పారు. గుడ్డ ఆకాశమైంది. ఆ సినిమాలో తల్లి సర్వజయ మొహం మీద వెలుగుని చూడండి, ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించలేరు.

మేం చేసిందీ చివరికి అదే. మండువా ఎదుట ఆ పసుపు గోడకి, పిల్ల మొహానికి ఎదురుగా వచ్చేంత మేర గాడా గుడ్డ కట్టాం. ఎండ దాని మీద పడి తెల్లగా తిరిగొచ్చింది. ఇంకో పక్క మరీ చదునుగా కాకుండా బుగ్గ కింద కాస్త నీడ నిలవాలని కుర్చీ మీద మా ఆవిడ ముదురు శాలువా ఆరేసింది. వెనక సున్నం గోడ. బూడిదరంగు అట్ట చూపించి తాళం వేశాం. పదింటి నుంచి పదకొండున్నర దాకా వెలుగు కదలకుండా ఉంది. పిల్ల వర్గ సమీకరణాలు చెప్పింది. ముక్కు పక్కన నీడ అంచు రవ్వంత ఎర్రగా ఉంది, ఎరుపు చర్మంలో మిగతా రంగుల కన్నా దూరం పాకుతుంది కాబట్టి నిజం మొహంలో ఉండాల్సిన ఎరుపే అది. వీడియో చూసి మా అక్క ఫిల్టరు మాట ఎత్తలేదు. "నిద్ర సరిపోతోందా, కళ్ళ కింద నలుపొచ్చింది" అంది. నిజమే, రెండు రాత్రులుగా పిల్ల సరిగ్గా పడుకోలేదు.

జూన్‌లో వెళ్ళిపోయింది. వారం తరవాత ఫోను. "మావయ్యా, ఇక్కడ మా డాబా మీద గోడ ఆకుపచ్చ. పాత దుప్పటి కట్టేశాను. దక్షిణం కిటికీయేగా ఇప్పుడు?"

"ఆగస్టు మొదటి వారం దాకా" అన్నాను.